మెడికల్ అసిస్టెంట్ కోర్సు: ఆన్‌లైన్‌లో చేయాలా, కమ్యూనిటీ కాలేజీలోనా?

తెనాలి_అమ్మాయి (ఫ్రిస్కో, టెక్సాస్):
అందరికీ నమస్కారం. గుంటూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ చేశాను. ఇక్కడికి వచ్చాక పిల్లలతోనే సరిపోయింది. ఇప్పుడు హెచ్4 ఈఏడీ (హెచ్4 వీసా వాళ్లకిచ్చే వర్క్ పర్మిట్) చేతికొచ్చింది, చిన్నవాడు కిండర్‌గార్టెన్‌లో చేరాడు. క్లినికల్ మెడికల్ అసిస్టెంట్‌గా చేయాలని ఉంది. నాలుగు నెలల ఆన్‌లైన్ కోర్సు ఒకటి చూశాను. కమ్యూనిటీ కాలేజీలో అయితే ఇంకా టైం పడుతుంది. ఏది మంచిది? నా డిగ్రీ పనికొస్తుందా? సూది గుచ్చాలంటే మాత్రం చాలా టెన్షన్‌గా ఉంది.

పద్మ_ఇర్వింగ్:
నేను ఇంటర్నల్ మెడిసిన్ క్లినిక్‌లో ఎంఏగా (మెడికల్ అసిస్టెంట్‌గా) చేస్తున్నానండి. ఫీజు, నెలల లెక్క తర్వాత. ముందు ఆ కోర్సు వాళ్లని ఒక్కటి అడగండి: ఎక్స్‌టర్న్‌షిప్, అంటే క్లినిక్‌లో చేసే ట్రైనింగ్, మీరే ఇప్పిస్తారా, మమ్మల్నే వెతుక్కోమంటారా? వెతుక్కోమంటే ఆ కోర్సు జోలికి వెళ్లకండి. ముక్కూమొహం తెలియని విద్యార్థిని ఏ క్లినిక్కూ తేలిగ్గా లోపలికి రానివ్వదు.

డిగ్రీ తప్పనిసరేమీ కాదు, హైస్కూల్ డిప్లొమా చాలు. కానీ మీకు ఇన్ఫెక్షన్ కంట్రోల్, స్టెరిలైజేషన్ పాఠాలు నల్లేరు మీద బండి నడకే. అవి ఆన్‌లైన్‌లో చదివినా ఇబ్బంది లేదు. చేతిపని మాత్రం చేస్తేనే వస్తుంది.

రక్తం తీయడమే చూడండి. ట్యూబులు మూత రంగును బట్టి ఒక వరసలోనే నింపాలి: బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) సీసాలు ముందు, తర్వాత లేత నీలం ట్యూబు, ఎరుపు లేదా గోల్డ్, ఆకుపచ్చ, లావెండర్, చివర గ్రే. లావెండర్ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా పొటాషియం ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. దాన్ని ముందు నింపితే అది కాస్త తర్వాతి ట్యూబులోకి చేరి, రిపోర్టులో పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా కనిపించవచ్చు. బాగున్న మనిషిని కంగారుపెట్టి ఎమర్జెన్సీకి పరిగెత్తించే రిపోర్టు అది. ఈ వరస ఒక్క రాత్రిలో కంఠతా వస్తుంది. పేషెంటు చెయ్యి చాపి భయంగా మీ మొహంలోకి చూస్తున్నప్పుడు కూడా తప్పకుండా రావాలంటే ప్రాక్టీసు కావాలి. టెన్షన్ పడకండి, ముందు రబ్బరు చేతి మీదే చేయిస్తారు. నరాన్ని కంటితో కన్నా వేలితో వెతకడం అలవాటు చేసుకోండి. నొక్కి వదిలితే మెత్తగా పైకి లేస్తుంది.

బీపీ చూడటం ఎవరికైనా వచ్చనుకుంటారు. నాకు ఎక్కువ బాధ కలిగేది అక్కడే. కాళ్లు వేలాడేసి, మాట్లాడుతూ కూర్చుంటే నంబరు పెరుగుతుంది. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టించి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోనిచ్చి అప్పుడు చూడాలి. వెనకాల ఎంతమంది వెయిటింగ్‌లో ఉన్నా సరే. డాక్టర్ గారు మందు డోసు పెంచేది ఆ నంబరు చూసే కదా!

సియాటిల్_రవి:
మా ఆవిడ ఇదే పనిలో ఉంది. మీ టెక్సాస్‌లో ఎంఏకి రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదు, మా వాషింగ్టన్‌లో హెల్త్ డిపార్ట్‌మెంట్ దగ్గర క్రెడెన్షియల్ తీసుకోవాల్సిందే. ఉద్యోగాలిచ్చేవాళ్లు సర్టిఫికేషన్ ఎలాగూ అడుగుతారు. ఎన్‌హెచ్‌ఏ (నేషనల్ హెల్త్‌కెరీర్ అసోసియేషన్) వాళ్ల సీసీఎంఏ సర్టిఫికేషన్ పరీక్ష 3 గంటలు, 150 ప్రశ్నలకు మార్కులు, ఇంకో 30 మార్కుల్లేని ట్రయల్ ప్రశ్నలు. ఏఏఎంఏ (అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ మెడికల్ అసిస్టెంట్స్) వాళ్ల సీఎంఏ సర్టిఫికేషన్ కావాలంటే సీఏఏహెచ్ఈపీ లేదా ఏబీహెచ్ఈఎస్ అనే సంస్థల గుర్తింపున్న కోర్సు చేయడమే ప్రధాన దారి. డబ్బు కట్టకముందే ఆ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.

తెనాలి_అమ్మాయి:
థాంక్స్ పద్మక్కా, రవి గారూ. రేపే కాలేజీకి ఫోన్ చేస్తాను. ఈలోపు చేసి పెట్టుకోదగ్గవి ఏమైనా ఉన్నాయా?

పద్మ_ఇర్వింగ్:
టీకాల కాగితాలు. ఎక్స్‌టర్న్‌షిప్ చాలామందికి ఆలస్యమయ్యేది వీటివల్లే. హెపటైటిస్ బి మామూలు మూడు డోసుల పద్ధతిలో అయితే 6 నెలలు పడుతుంది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా), చికెన్‌పాక్స్ టీకాల రుజువు లేకపోతే రక్తపరీక్షతో యాంటీబాడీలు చూపించవచ్చు. ఇంకొకటి, మనకి చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేస్తారు కాబట్టి టీబీ చర్మ పరీక్షలో ఉత్తినే పాజిటివ్ రావచ్చు. బీసీజీ సంగతి ముందే చెప్పి, టీబీ రక్తపరీక్ష చేయమని అడగండి. పాత టీకా కార్డు ఉందేమో తెనాలిలో అమ్మగారిని వెతకమనండి, దొరికితే ఫొటో వాట్సాప్‌లో పంపమనండి.