అప్‌డేట్: మాత్రలు దాచేస్తున్న మా తమ్ముడి సంగతి

తమ్ముడికి స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక మాత్రలు మింగకుండా దాచేస్తున్నాడు, ఏం చేయాలని అయిదు నెలల క్రితం అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

మీరు చెప్పినట్టే 14416కి, అదే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. మాత్రలకి బదులు నెలకోసారి వేసే ఇంజెక్షన్ గురించి డాక్టరుని అడగమన్నారు. డాక్టరు వాడితో విడిగా కూర్చుని మాట్లాడి, వాడు సరేనన్నాకే మొదలుపెట్టారు. చేతులు కాస్త వణుకుతున్నాయి, దానికి వేరే మందు ఇచ్చారు. అమ్మ మాత్రం దిండు కింద వెతకడం మానేసింది. సగం టెన్షన్ అక్కడే పోయింది.

వాడి వైకల్య సర్టిఫికెట్ దగ్గరే తిప్పలు పడ్డాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా వైకల్యమేనని ఉన్నా, కౌంటర్లో "కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయిగా" అన్నారు. ఒళ్లు మండింది. రెండోసారి పాత చీటీలన్నీ పట్టుకెళ్లాం. మానసిక జబ్బు వల్ల వచ్చే వైకల్యాన్ని కొలిచే ఐడియాస్ అనే స్కేలు ప్రకారం చూశారు: సొంత పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట అర్థం చేసుకోవడం, ఉద్యోగం, జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నది. అమ్మ పరువు కోసం "అన్నీ చేసుకుంటాడండీ" అనేసింది! నేను అడ్డుపడి, చెప్తే గానీ స్నానం చేయడని ఉన్నదున్నట్టు చెప్పాను. వైకల్యం 40 శాతం దాటిందని తేల్చారు. యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు, ఇంకా రావాలి.

పొద్దున రెండు గంటలు బాబాయి కిరాణా కొట్లో పొట్లాలు కడుతున్నాడు. జబ్బు వల్ల వాడికి వినిపించే గొంతులు పూర్తిగా పోలేదు. అడిగితే "ఇవాళ తక్కువేలే అక్కా" అంటాడు.

అమ్మకి అరవై ఏడు. గుంటూరు దగ్గర్లో ఇలాంటివాళ్లు పగలంతా గడపడానికి మంచి కేంద్రం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.