నెల్లూరు నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే చోట్లు: ఏ కాలంలో ఎక్కడికి పోవాలి?

మాగుంట లేఅవుట్ కోడలు అడిగినది:

అందరికీ నమస్తే. పెళ్లయినప్పటి నుంచి హైదరాబాద్‌లోనే ఉన్నాం, ఈ మధ్యే నెల్లూరు వచ్చేశాం. మా ఆయనకు ఆదివారం ఒక్కటే సెలవు. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు నాలుగు. మామయ్యకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు. అలాగని ఇంట్లో వదిలేసి పోతే రెండు రోజులు మాట్లాడరు. చిన్న కారు ఉంది. రాత్రి బస వద్దు. పిల్లలు కాసేపు మట్టిలో, నీళ్లలో ఆడుకోవాలి, మామయ్య కూర్చోడానికి నీడ ఉండాలి. అంతే.

ఎవరిని అడిగినా మైపాడు బీచ్ అంటున్నారు, కాదంటే తిరుపతి అంటున్నారు. ఈ రెండిటి మధ్యలో ఇంకేం లేవా? ఏ నెలలో ఎటు పోతే బాగుంటుందో తెలిసినవాళ్లు చెప్పండి.

పొదలకూరు రోడ్డు వ్యాన్:

చెల్లెమ్మా, బోలెడున్నాయి. నేను మందుల షాపులకు సరుకు వేసే వ్యాన్ తోలతాను. వారమంతా రాపూరు, ఆత్మకూరు, ఉదయగిరి, నాయుడుపేట తిరగడమే నా పని. ఆదివారం మా ఇంట్లోవాళ్లు మళ్లీ అదే రోడ్డు ఎక్కిస్తారు, అది వేరే సంగతి.

ముందు హైదరాబాద్ లెక్క పక్కన పెట్టండి. అక్కడ జూన్‌లో వాన పడితే జూలైకి అంతా పచ్చగా ఉంటుంది. మనకు జూన్, జూలై అంటే ఎండాకాలానికి పొడిగింపే. మన వానలో పెద్ద వాటా ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అదీ రోజూ కురిసే వాన కాదు, వాయుగుండం పట్టిందంటే మూడు రోజులు కుమ్మేసి పోతుంది. అందుకే చెరువులో నీళ్లు, కొండల్లో జలపాతం, పక్షులు ఏం చూడాలన్నా నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యే. ఆగస్టులో జలపాతం అని బయలుదేరితే బండలు చూసి రావాలి.

నన్నడిగితే మీకు మొదటి ట్రిప్పు నేలపట్టు. నాయుడుపేట దాటి దొరవారిసత్రం దగ్గర హైవే దిగితే పక్కనే. ఇప్పుడంటే 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, మనకు అది ఎప్పుడూ నెల్లూరు పక్షుల చెరువే. నీళ్లలో నిలబడ్డ కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. నవంబరు, డిసెంబరులో గుడ్లు, జనవరికల్లా పిల్లలు. పిల్ల తన ముక్కును తల్లి గొంతు సంచిలోకి మొత్తం దూర్చేసి చేపలు తింటుంది. మా వాడు అది చూసి 'అమ్మను మింగేస్తోంది' అని ఏడుపు అందుకున్నాడు. నత్తగొట్టు కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు కూడా కనిపిస్తాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువు కింద లెక్క. అందుకే అక్కడి రైతులు వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ ఏడు వానలు సరిగా పడక చెరువు నిండకపోతే పక్షులు పెద్దగా రావు. బయలుదేరే ముందు నాయుడుపేట వైపు తెలిసినవాళ్లుంటే చెరువులో నీళ్లున్నాయా అని ఒక ఫోన్ కొట్టండి.

చాలామంది నేలపట్టు పోయి ఫ్లెమింగోలు లేవని తిట్టుకుంటూ వస్తారు. అవి ఉండేది పులికాట్ సరస్సులో, నేలపట్టులో కాదు. వాటికి మోకాలు లోతు ఉప్పునీళ్లు కావాలి, తల కిందులుగా పెట్టి బురద నీళ్లు వడగట్టుకుని తింటాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోనే పోతుంది. మీ మామయ్య కారు దిగకుండానే అద్దంలోంచి చూడొచ్చు. పొద్దున ఏడుకల్లా నేలపట్టు, పదికి పులికాట్ రోడ్డు, మధ్యాహ్నం భోజనానికి నాయుడుపేట. జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ పెడితే ఆ రోజుల్లో మాత్రం పోవద్దు. పక్షుల కన్నా జనమే ఎక్కువ, మైకుల గోల ఒకటి.

కార్తీక మాసంలో రాపూరు దగ్గరి పెంచలకోన. గుడి దాకా కారు పోతుంది, చెట్ల నీడ దండిగా ఉంటుంది, చాప పరిస్తే మామయ్యకు ఇంకేం అక్కర్లేదు. జలపాతం దాకా మాత్రం రాళ్లలో నడవాలి, మీ ఆయన, బాబు పోయి వస్తారు. పాపను తీసుకుపోవద్దు. కొండ మీద మబ్బు కమ్మి ఉంటే పెద్దవాళ్లు కూడా పోవద్దు, పైన వాన పడితే కింద వాగు నిమిషాల్లో లేస్తుంది. కోతులున్నాయి, అన్నం గిన్నె మూత తీయగానే హాజరు.

సోమశిల అక్టోబరు, నవంబరులో, అదీ గేట్లు ఎత్తారని పేపర్లో వస్తే. పెన్నా మీద కట్టిన 78 టీఎంసీల ప్రాజెక్టు అది, నీళ్లు దూకుతుంటే చూడాల్సిందే. కానీ పెన్నాతో ఆటలొద్దు. 2021 నవంబరు వరదలో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. వాయుగుండం వార్త ఉందంటే ఆ వారం ఇంట్లోనే బజ్జీలు వేసుకోండి.

సంక్రాంతికి ఊరు దాటక్కర్లేదు. కనుమ రోజు సాయంత్రం రంగనాయకుల గుడి దగ్గర పెన్నా ఒడ్డున ఏటి పండగ. ఆడపిల్లలు గొబ్బెమ్మలు తెచ్చి ఏట్లో కలుపుతారు. మీ పాపకు పట్టు పావడా కట్టి తీసుకుపోండి. కారు మాత్రం ఇంట్లో పెట్టండి, ఆటోలో పోవడమే మేలు.

ఇక ఎండాకాలం. అప్పుడు మైపాడే, నేనూ కాదనను. కానీ చీకటితో బయలుదేరాలి. మేలో ఐదున్నరకు ఇసుక మీద ఉంటే సూర్యోదయం చూస్తారు, ఎనిమిదికి కారెక్కాలి. పిల్లల్ని మోకాళ్ల లోతు దాటనీయొద్దు, పైకి నెమ్మదిగా కనిపిస్తుంది గానీ కింద లాగుతుంది ఆ సముద్రం. వచ్చేటప్పుడు రోడ్డు పక్కన తాటి ముంజలు కొట్టిస్తుంటారు, అక్కడే నిలబడి తినాలి, ఇంటికి తెస్తే ఆ రుచి ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రాలు జొన్నవాడ కామాక్షమ్మ గుడి, ఏటి ఒడ్డు. అంతకు మించి ఆ నాలుగు నెలల గురించి చెప్పడానికేం లేదు.

ఒంగోలు అక్క:

వ్యాన్ తమ్ముడు మీ జిల్లా దాటి రాలేదు! భైరవకోన మరిచావా? ఉదయగిరి, సీతారామపురం మీదుగా రావచ్చు. దూరమే, పొద్దున్నే బయలుదేరితే అవుతుంది. ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. కార్తీక పౌర్ణమికి వెన్నెల అమ్మవారి మీద పడుతుందని ఆ రాత్రి జనం పోటెత్తుతారు. మీరు ఆ రోజు కాకుండా తర్వాతి ఆదివారం రండి, నీళ్లూ ఉంటాయి, మనుషులూ తక్కువ.

తిరుగు దారిలో ఉదయగిరిలో ఆగి చెక్క గరిటెలు, చెంచాలు కొనుక్కోండి. అక్కడ ఇళ్లల్లో ఆడవాళ్లు కూర్చుని చెక్కుతారు, మీ పాప కదలకుండా చూస్తుంది. దుర్గం కొండ ఎక్కడం మాత్రం మీ మామయ్యతో కుదరదు. కృష్ణదేవరాయలంతటివాడికే 1514లో అది చేజిక్కడానికి ముందు నెలల తరబడి ముట్టడి పట్టింది.

ఇంకో మాట, ఇది మగవాళ్లు ఎవరూ చెప్పరు. ఇలాంటి చోట్ల ఆడవాళ్లకు బాత్రూమ్ దొరకడం కష్టం. ఉన్నా నీళ్లుండవు. హైవే మీద ఉన్నప్పుడే పెద్ద పెట్రోల్ బంకులో ఆగి పని చూసుకుని లోపలికి తిరగండి. కారులో ఐదు లీటర్ల క్యాన్ ఒకటి ఎప్పుడూ ఉంచండి.

గూడూరు కుర్రోడు:

రాకెట్ ప్రయోగం చూపించండి అక్కా. శ్రీహరికోటలో జనం కూర్చుని చూడ్డానికి గ్యాలరీ ఉంది, ఇస్రో సైట్‌లో ముందే పేర్లు నమోదు చేసుకోవాలి. మీ బాబు జన్మలో మర్చిపోడు.

పొదలకూరు రోడ్డు వ్యాన్:

తమ్ముడూ, తొమ్మిదేళ్ల వాడికి సరే. నాలుగేళ్ల పాపతో ఎండలో గంటల తరబడి కూర్చోవాలి, చివర్లో వాయిదా అన్నారంటే అందరికీ నీరసం. ఆకాశం తేటగా ఉంటే నెల్లూరు మిద్దె మీది నుంచే కనిపిస్తుంది, రాత్రి ప్రయోగమైతే ఇంకా బాగా. ముందు మిద్దె మీద చూపించండి, బాబుకు పిచ్చి పట్టిందంటే అప్పుడు వాళ్ల నాన్నతో పంపండి.

ఒంగోలు అక్క చెప్పిన బాత్రూమ్ మాట నిజం. మా ఆవిడ ఇది చదివి 'చూశావా' అంటోంది.

మాగుంట లేఅవుట్ కోడలు:

అందరికీ చాలా థాంక్స్. మామయ్యకు చదివి వినిపించాను. ఆయన ఓటు పులికాట్‌కే, కారు దిగక్కర్లేదన్న మాట బాగా నచ్చింది. ఇప్పుడు డిసెంబరు రెండో వారం కదా, నేలపట్టులో పిల్లలు కనిపిస్తాయా, జనవరి దాకా ఆగాలా? తినడానికి ఇంటి నుంచి ఏం తీసుకుపోవాలి?

పొదలకూరు రోడ్డు వ్యాన్:

జనవరి దాకా ఆగండి చెల్లెమ్మా. పండగ హడావిడి అయ్యాక, నెలాఖరు ఆదివారం. ఇప్పుడు పోతే గూళ్లలో కూర్చున్న తల్లులే కనిపిస్తాయి, పిల్లలకు విసుగు. పులిహోర, పెరుగన్నం చాలు, ఊరగాయ మర్చిపోవద్దు. బైనాక్యులర్స్ ఎవరి దగ్గరన్నా అడిగి తెచ్చుకోండి, చెరువు పెద్దది, గూళ్లు దూరంగా ఉంటాయి. పాపకు ఎరుపు, పసుపు గౌన్లు వద్దు, ఆకు రంగో మట్టి రంగో వేయండి. ఫోన్‌లో పాటలు పెట్టొద్దని మీ ఆయనకు ముందే చెప్పి పెట్టండి.