పత్తిలో నులిపురుగు: గుళికలు వెయ్యాలా, పంట మార్చాలా?

పత్తికొండ రైతు: అన్నలూ, మూడేళ్లు వరుసగా టమాటా పెట్టిన ఎర్రనేలలో ఈసారి పత్తి వేశాను, రెండు నెలల పైరు. అక్కడక్కడా గుంపుగా మొక్కలు గిడసబారి, మధ్యాహ్నానికి తలలు వాల్చేసి సాయంత్రానికి లేస్తున్నాయి. తడి బాగానే ఉంది. మందుల అంగట్లో వేరు కూడా చూడకుండా, వేర్లలో చేరే కంటికానని సన్నపురుగు, అదే నులిపురుగే అని మట్టిలో వేసే మందు గుళికలు రాసిచ్చారు. ఒకటే టెన్షన్. వెయ్యనా?

ఆదోని కౌలుదారు: వెయ్యన్నా. పంట మార్చమనేవాళ్లకు సొంత చేను ఉంటుంది. నేను కౌలు ముందే కట్టేశా, ఆదోని యార్డులో పత్తి అమ్మితేనే ఆ డబ్బు తిరిగొచ్చేది. వచ్చే ఏడు ఆ చేను నాకిస్తారో లేదో, దాన్ని బాగుచేసుకుంటూ కూర్చుంటే ఇల్లెలా గడుస్తుంది?

కోడుమూరు: కౌలు బాధ నిజం తమ్ముడూ, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ రెండు నెలల పైరుకు గుళికలు వేస్తే ఆ డబ్బూ మట్టిలో పోసినట్టే. ఆడపురుగు అప్పటికే వేరులో పాతుకుపోయి ఉంటుంది, ఒక్కోటి వందల గుడ్లు పెడుతుంది, మన ఎండలకు నెల తిరిగేసరికి ఇంకో తరం తయారు.

పత్తికొండ తమ్ముడూ, ముందు పారతో తవ్వి మొక్క తియ్యి. చేత్తో పీకితే సన్నవేర్లు నేలలోనే తెగిపోతాయి. బకెట్ నీళ్లలో మెల్లగా ఆడించి చూడు, వేరు తనంతట తానే ఉబ్బి ముడులు పడి ఉంటే వేరుముడి నులిపురుగు. ముడులు లేకుండా, ఎంత కడిగినా మన్ను రేణువులు వదలకపోతే రెనిఫార్మ్ అనే ఇంకో రకం నులిపురుగు కావచ్చు, మట్టీ వేర్లూ ల్యాబ్‌కు పంపాల్సిందే. టమాటా, వంగ, బెండ అన్నీ వేరుముడి పురుగుకు మేతే. బీటీ విత్తనం కాయతొలిచే పురుగుకే గానీ దీనికి అడ్డం కాదు. పాత ఫోరేట్ గుళికల మందు ఎవరైనా అంటగడితే అసలు ముట్టొద్దు, దాని వాడకం 2020 చివరికే దేశమంతా ఆపేశారు. ఎండాకాలం లోతుదుక్కి చేసి, వచ్చే ఖరీఫ్‌కు వేరుశనగ వెయ్యి.

ధర్మవరం: వేరుశనగకూ నులిపురుగు ఉంది కదన్నా? కాయలు నల్లబడి చిన్నవైపోయే కాళహస్తి తెగులు దానివల్లే కదా?

కోడుమూరు: మంచి మాట అడిగావు. నులిపురుగే, కానీ జాతి వేరు. పత్తికి ముడులు కట్టే రకానికి వేరుశనగ వేరు మీద పిల్లలు పెరగవు, అందుకే సంఖ్య తగ్గుతుంది. ఒక్క ఏడుతో పూర్తిగా పోదు, అదీ చెప్తున్నా.

పత్తికొండ రైతు: పొద్దున తవ్వాను. గిడసబారిన చోట నాలుగు మొక్కలకూ ముడులే, ఒకటి కందిగింజంత ఉంది. బావి పక్క మొక్కల వేర్లు శుభ్రంగా ఉన్నాయి. గుళికలు కొనట్లేదు. వచ్చే ఏడు ముడులున్న అర ఎకరం వేరుశనగకు, మిగతాది పత్తికే. ఆదోని అన్నా, ఇది కౌలు చేనైనా కుదురుతుందేమో చూడు.