మ్యాట్ కోటు కొడితే మిగ్ అంతా తెల్లగా అయిపోయింది, కాపాడుకునే దారి ఉందా?

అలిపిరి_72:
అందరికీ నమస్కారం, తిరుపతి నుంచి. రెండు నెలలుగా 1/72 (అసలు విమానంలో 72వ వంతు సైజు) మిగ్-21 బిస్ యుద్ధవిమానం ప్లాస్టిక్ మోడల్ కిట్ చేస్తున్నాను. మా నాన్న ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్, సర్వీసులో ఎక్కువ కాలం ఈ విమానం మీదే చేశారు, ఆయన ఇప్పటికీ దీన్ని టైప్ 75 అనే అంటారు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్పిన రోజు ఆయన టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ రాత్రే కిట్ ఆర్డర్ పెట్టాను.

ప్రైమర్, బూడిద రంగు బాగానే పడ్డాయి. రంగు ఆరగానే నేరుగా దాని మీదే డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు) వేశాను. నిన్న వాన కాస్త తెరిపి ఇచ్చిందని మేడ మీద రేకుల కింద కూర్చుని స్ప్రే డబ్బాతో మ్యాట్ క్లియర్ (మెరుపు లేని పారదర్శక పూత) కొట్టాను. పది నిమిషాలకల్లా రెక్కల మీద విభూతి పూసినట్టు తెల్లగా తేలింది. రౌండెల్‌లో (ఎయిర్‌ఫోర్స్ గుండ్రటి గుర్తు) కాషాయం పాలిపోయింది. కుడి రెక్క మీద డెకాల్ కింద వెండిలా ఒక మెరుపు కూడా కనిపిస్తోంది. రంగంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాలా? సంక్రాంతికి నాన్న చేతిలో పెట్టాలని, చాలా టెన్షన్‌గా ఉంది.

కొర్లగుంట_కిట్లు:
ఏదీ తీయొద్దు అన్నా! ముందు ఒక పని చెయ్యండి, వేలు నీళ్లలో ముంచి ఆ తెలుపు మీద రాయండి. తడిగా ఉన్నంతసేపు రంగు మామూలుగా కనబడి, ఆరాక మళ్లీ తెల్లబడితే మీ విమానం దక్కినట్టే. పొడిగా ఉన్న రోజు చూసి దాని మీద గ్లాస్ క్లియర్ (మెరిసే పారదర్శక పూత) పలచగా కొడితే చాలావరకు ఆ తెలుపు పోతుంది. పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు మళ్లీ మ్యాట్.

ఇది ఎందుకొస్తుందంటే స్ప్రేలోని సాల్వెంట్ చకచకా ఆవిరవుతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు గాలిలోని తేమ అక్కడ చేరుతుంది. మన దగ్గర నవంబర్‌లో వాన ఆగినా గాలిలో తడి ఆగదు కదా. డబ్బా సరిగా ఊపకపోయినా, ఒకేసారి మందంగా కొట్టినా కూడా మ్యాట్ తెల్లబడుతుంది. రెండు నిమిషాలు లెక్కపెట్టి ఊపండి, 20 సెంటీమీటర్ల దూరం నుంచి, చెయ్యి ఆపకుండా.

ఆ వెండి మెరుపు వేరే సంగతి. మ్యాట్ రంగు పైన గరుకుగా ఉంటుంది, ఆ గుంటల్లో డెకాల్ కింద గాలి ఉండిపోయింది. అందుకే డెకాల్‌కి ముందు గ్లాస్ కోటు వేస్తారు. ఇప్పుడైతే సన్న సూదితో అక్కడక్కడా గుచ్చి, డెకాల్‌ని మెత్తబరిచే సొల్యూషన్ బ్రష్‌తో చుక్క పెట్టండి. ఆరాక చూసి మళ్లీ. ఇది అయ్యాకే గ్లాస్ కోటు.

చిత్తూరు_షెడ్:
నేను కార్ల పెయింటింగ్ షెడ్డు నడుపుతాను, మోడల్స్ మా అబ్బాయి కోసం మొదలుపెట్టి నేనే వదల్లేకపోతున్నాను. వానాకాలం మాకూ ఇదే బాధ, అప్పుడు మెల్లగా ఆరే రిటార్డర్ థిన్నర్ కలుపుతాం. కానీ ఒక మాట గట్టిగా చెప్తున్నా బ్రదర్, ఎవరో చెప్పారని ఆ తెలుపును ఎన్‌సీ థిన్నర్‌తో (కార్ల రంగుల్లో కలిపే ఘాటైన సాల్వెంట్) తుడవొద్దు. నేను ఒక రెక్క మీద గుడ్డతో ఒక్కసారి తుడిచాను, ప్యానెల్ గీతలు కరిగి జిగురులా అయిపోయాయి. కారు రేకు తట్టుకుంటుంది, ఈ కిట్ల ప్లాస్టిక్, పాలీస్టైరీన్, తట్టుకోదు.

డబ్బాను కొట్టే ముందు గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచితే తుంపర సన్నగా పడుతుంది. గోరువెచ్చగా మాత్రమే, స్టవ్ మీద పెట్టిన నీళ్లలో అస్సలు వద్దు, డబ్బా పేలుతుంది. ఎండ వచ్చిన రోజు పదకొండు నుంచి మూడు లోపల కొట్టేసి మోడల్‌ని ఇంట్లో పెట్టెయ్యండి.

కొర్లగుంట_కిట్లు:
ఇంకొకటి మర్చిపోయా. నాన్నగారిని అడగండి, ఏ ప్యానెళ్లు ఎక్కువసార్లు తెరిచేవారు, రెక్క మీద ఎక్కడ కాలు పెట్టేవారు అని. ఎండలో నిలబడిన విమానం ఒకే బూడిద రంగులో ఉండదు, అక్కడక్కడా వెలిసి ఉంటుంది. ఆ వివరం ఏ బొమ్మలోనూ దొరకదు, ఆయన దగ్గరుంది.

అలిపిరి_72:
పది రోజుల తర్వాత రాస్తున్నా. తడి వేలి పరీక్షలో తెలుపు పోయింది, అప్పుడే ప్రాణం లేచొచ్చింది. ముందు కింది వైపు ఒక్క రెక్కకే గ్లాస్ కొట్టి చూశాను, ఆ తర్వాత మొత్తం. కాషాయం మళ్లీ కాషాయంలా ఉంది. డెకాల్ సూది పని మూడు సార్లు పట్టింది, అంచున బియ్యపు గింజంత మెరుపు మాత్రం ఇంకా మిగిలింది.

దాచి ఇద్దామనుకున్నది ఇక దాచలేదు, ప్యానెళ్ల సంగతి అడగాలి కదా. నాన్న కళ్లజోడు పెట్టుకుని మోడల్‌ని తిరగేసి ముందు చక్రాల గూడు చూశారు, తర్వాత పెన్సిల్ అడిగి కాగితం మీద ఆయనే గీసి చూపించారు. ఇప్పుడు ఆ మరకలు మ్యాట్‌కి ముందు వెయ్యాలా, తర్వాతా? ఆయిల్ రంగులు ఉన్నాయి నా దగ్గర.

కొర్లగుంట_కిట్లు:
సన్నగా గీతల్లో పారే వాష్ (బాగా పలచన చేసిన ముదురు రంగు) అయితే ఇప్పుడే గ్లాస్ కోటు మీద. వెలిసిన మచ్చలు మ్యాట్ తర్వాత, ఆయిల్ రంగు చుక్క పెట్టి పొడి బ్రష్‌తో లాగండి. ఆ కాగితం ఫొటో కూడా ఒకటి పెట్టండి అన్నా.