పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలో చదువు, క్యాంపస్ జీవితం రెండూ కుదురుతాయా?

నమస్తే అండీ. మా తమ్ముడికి ఒక పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలో డిగ్రీ సీటు వచ్చింది. చూడటానికి వెళ్లి, ఒక ఫస్టియర్ క్లాసులో చివరి బెంచీలో కూర్చున్నాం. 200 మందికి పైగా ఉన్నారు. బోర్డు కనపడక, వెనకవాళ్లు ముందువాళ్ల నోట్సు ఫోటో తీసుకుంటున్నారు. లైబ్రరీలోంచి మాత్రం వాడికి బయటికి రాబుద్ధి కాలేదు. సాయంత్రం నాటకం రిహార్సల్ జరుగుతుంటే అక్కడే నిలబడిపోయాడు.

వాడు నోరు తెరిచి డౌటు అడిగే రకం కాదు, నా టెన్షనంతా అదే. అంతమందిలో ప్రొఫెసర్లకు దగ్గరవ్వడం ఎలా? ప్రాజెక్టుల్లో చేరాలంటే ఏ ఏడాది నుంచి అడగాలి? క్లబ్బుల్లో తిరుగుతూ కూడా చదువు నిలబెట్టుకున్నవాళ్లు, దెబ్బతిన్నవాళ్లు ఎవరున్నా మీ అనుభవం చెప్పండి. సీటు ఖాయం చేసుకోవడానికి వారమే గడువుంది.