లీమాకు ఒక్క రాత్రి చాలునా?

గోదారిగట్టు: వచ్చే జులైలో డల్లాస్ నుంచి తొమ్మిది రోజుల సెలవు మీద పెరూ వెళ్ళాలనుకుంటున్నాము. స్పెయిన్‌వారు రాకముందు ఆ నేలను ఏలిన ఇంకలు కొండల్లో కట్టిన మచు పిచ్చు చూడడం ముఖ్యోద్దేశం. రాజధాని లీమాలో విమానం మారే ఒక్క రాత్రికి మించి ఉండనక్కరలేదని మా తోడల్లుడు అంటున్నారు, మూడు రోజులైనా ఉండాలని మా ఆవిడ పట్టుబడుతున్నది. వెంట శాకాహారులైన మా అత్తమామలు వస్తున్నారు. వెళ్ళివచ్చినవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా మనవి.

ఎర్రబస్సు: మీ తోడల్లుడుగారి మాటే సరైనది. మేము ఒక ఆగస్టులో వెళ్ళి మూడు రోజులుంటే ఒక్కనాడైనా సూర్యుడు కనిపించలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఊరి మీద బూడిదరంగు మూకుడు బోర్లించినట్టు మబ్బు కమ్ముకొని ఉంటుంది. 'గరువా' అని వారు పిలిచే సన్నని తుంపర బట్టలను తడపదు, ఆరనీయదు. లీమాలోనే ఉన్న మిరాఫ్లోరెస్ పేట నుంచి పాత నగరానికి టాక్సీలో బయలుదేరితే సగం పూట రోడ్డు మీదే గడిచింది. సరిగ్గా అవే నెలల్లో మచు పిచ్చుకు వెళ్ళే దారిలోని కొండ నగరం కుస్కోలో వానలుండవు, ఆకాశం తేటగా ఉంటుంది. ఉన్నవే తొమ్మిది రోజులైతే మూడింటిని మబ్బుకు ధారపోయడం ఎందుకు?

పాతరాళ్ళు: ఎర్రబస్సుగారు చెప్పిన వాతావరణం నిజమే, దాని నుంచి తీసిన నిర్ణయంతోనే నాకు పేచీ. తీరం వెంట పారే చల్లని హంబోల్ట్ ప్రవాహం వల్ల ఆ మబ్బు పడుతుంది, అయితే అది వానగా మారదు. లీమా నిజానికి ఎడారిలో కట్టిన నగరం. మిరాఫ్లోరెస్ ఇళ్ళ నడుమనే ఉన్న హువాకా పుక్యానా అనే మట్టి ఇటుకల మెట్ల గుడి ఇంకలకు ఎన్నో శతాబ్దాల ముందు, సుమారు క్రీ.శ. 200-700 మధ్య వర్ధిల్లిన లీమా సంస్కృతి వారిది. కాల్చని ఇటుకలతో కట్టిన గుడి ఇంతకాలం నిలిచిందంటే, మీరు తిట్టుకున్న ఆ వానలేమి చలవే. ఇటుకలను అలమరలో పుస్తకాలు పేర్చినట్టు సందులు వదిలి నిలువుగా పేర్చారు, భూకంపం వస్తే అవి ఊగుతాయే గాని కూలవు. దానిని చూడకుండా కుస్కో వెళ్ళినవారు పెరూ చరిత్ర అంటే ఇంకల చరిత్రేననుకొని తిరిగివస్తారు. స్పెయిన్ దండనాయకుడు ఫ్రాన్సిస్కో పిసార్రో 1533లో ఇంకల రాజధాని కుస్కోను పట్టుకొని కూడా అక్కడ నిలవక, సముద్రం దగ్గర ఉండాలని 1535 జనవరి 18న లీమాకు పునాది వేశాడు. ఆరేళ్ళ తరువాత అతడు హత్యకు గురైంది కూడా ఈ ఊళ్ళోనే. కేథడ్రల్‌లో అతని శవమని దశాబ్దాల పాటు జనానికి చూపించినది వేరెవరిదో అని 1977లో అసలు అవశేషాలున్న సీసపు పెట్టె దొరికాక తేలింది. (మా గైడు ఈ సంగతి చెబుతూ పడ్డ సంబరం ఇప్పటికీ గుర్తుంది.)

కొండగాలి: పెద్దవారున్నారు గనుక ముందు లీమాలో మూడు రోజులుండి ఎత్తుకు అలవాటుపడి కుస్కో వెళ్ళడం మేలని నా అభిప్రాయం.

మందులచీటీ: కొండగాలిగారూ, ఇది పొరపాటు. లీమా సముద్రతీరాన ఉంది, కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. కింద ఎన్ని రోజులున్నా పైన పల్చటి గాలికి శరీరం అలవాటుపడదు. కుస్కోలో దిగిన రోజునే అంతకంటే కిందనున్న ఉరుబాంబా లోయకు వెళ్ళి, రెండు రాత్రులు అక్కడ గడపండి. మచు పిచ్చు ఇంకా కింద, 2,430 మీటర్ల వద్దే ఉంది. అత్తమామలను ముందుగా వారి డాక్టరుకు చూపించండి.

ఎర్రబస్సు: పాతరాళ్ళుగారి వాదన చదవడానికి బాగుంది గాని, ఆ గుడి చూడడానికి ఒక పూట చాలు, మూడు రోజులెందుకు? ఊళ్ళో మాకు కనిపించిన గొప్ప అంతా చేపలు, రొయ్యలు పెట్టే హోటళ్ళదే. శాకాహారులకు అక్కడ ఏముంది?

అల్లంపచ్చడి: బంగాళాదుంప పుట్టిన నేలలో శాకాహారికి ఏముందని అడగడం భావ్యం కాదండీ! ఉడికించిన దుంపల మీద పసుపుపచ్చ మిరప, జున్ను కలిపిన ముద్ద పోసి ఇచ్చే 'పాపా అ లా వాంకాయినా' అడగండి. పైన గుడ్డు పెడతారు, వద్దని ముందే చెప్పాలి. చైనా వలసదారుల వంటలోంచి వచ్చిన 'చీఫా' హోటళ్ళలో కూరగాయల వేపుడన్నం దొరుకుతుంది. గుమ్మడి, చిలగడదుంప కలిపిన పిండితో గారెల్లా చిల్లుపెట్టి వేయించి బెల్లంపాకం లాంటిది పోసే 'పికరోనెస్' మా అమ్మగారు రెండు సాయంత్రాలూ అడిగి తిన్నారు. అయితే సూపు విషయంలో జాగ్రత్త, కూరగాయలదే అన్నా మాంసం ఉడికించిన నీటితో చేసి ఉండవచ్చు.

గోదారిగట్టు: అందరికీ కృతజ్ఞతలు. మూడు కాదు, ఒకటీ కాదు, తిరుగు ప్రయాణంలో రెండు రోజులు లీమాకు ఉంచాము. కొండల్లో అలసిన పెద్దవారికి తీరంలో ఊపిరి తేలికవుతుంది, కుస్కో విమానం ఆలస్యమైనా డల్లాస్ విమానం తప్పదు. మొదటి రోజు హువాకా పుక్యానా, లార్కో మ్యూజియం. రెండవ రోజు పాత నగరం. లీమాలో ఉండేది జులై 28, 29 తేదీలు.

పాతరాళ్ళు: ఆ తేదీలు మార్చుకోగలరేమో చూడండి. 1821 జులై 28న సేనాని సాన్ మార్టిన్ స్పెయిన్ నుంచి పెరూకు స్వాతంత్ర్యం ప్రకటించినందున ఆ రెండు రోజులూ దేశమంతటా జాతీయ సెలవులే. వేడుకల వల్ల పాత నగరంలో దారులు మూసే అవకాశం ఉంది, బస ధరలు కూడా పెరుగుతాయి.

ఎర్రబస్సు: ఈ ఒక్క మాటలో మాత్రం పాతరాళ్ళుగారితో ఏకీభవిస్తున్నాను.