గ్లూటెన్ లేకుండా చేసిపెట్టిన కేకు కూడా తినకపోతే అది జాగ్రత్తా, అవమానమా?

నెమలీక (చర్చ ప్రారంభించినవారు)
మా ఆడపడుచుకు సీలియాక్ వ్యాధి (గోధుమ వంటివాటిలో ఉండే గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు) ఉందని రెండేళ్ల కిందట తేలింది. పోయిన ఆదివారం ఆమె పుట్టినరోజు. ఆమెకు ముందుగా చెప్పకుండా మా ఇంట్లో కేకు చేశాను. పొట్లం తెచ్చి కలిపేసింది కాదు, మూడుసార్లు చెడగొట్టి నాలుగోసారి సాధించింది. మొదటిది ఇసుకలా రాలిపోయింది. రెండోదానిలో జాంతన్ గమ్ (గ్లూటెన్‌కు బదులు పిండిని పట్టి ఉంచే పొడి) ఎక్కువై బంకలా సాగింది. మూడోది చక్కగా పొంగింది గానీ ఓవెన్ తలుపు తీయగానే నడుమ గుంట పడింది. నాలుగోసారి బియ్యప్పిండిలో రెండు రకాల స్టార్చ్ కలిపి, అరగంట నాననిచ్చి, గరిటజారుగా ఉంచి కాలిస్తే మెత్తగా వచ్చింది.
ఆమె కొవ్వొత్తి ఊదింది, కోసింది, అందరికీ తన చేత్తోనే పంచింది. తను మాత్రం ముట్టలేదు. "వదినా, ఏమీ అనుకోకు, కడుపు నిండిపోయింది" అంది. పిల్లలు తిన్నారు, అత్తగారు రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. అంత శ్రమ పడ్డాక ఒక్క ముక్క తింటే పోయేదేముంది? మీరే చెప్పండి.

రెండోకప్పు
నాలుగోసారి కొలతలు పెట్టండి. ఆమె వాటా నేను తింటాను.

గోధుమలేనివాడు
పోయేదేముందో నేను చెబుతాను. పన్నెండేళ్లుగా ఆ వ్యాధితోనే ఉన్నాను. ముందు ఒక ప్రశ్న. పిండి జల్లించారా? ఆ జల్లెడతో అంతకుముందు మైదా జల్లించారా?

నెమలీక
జల్లించాను. జల్లెడ మరిగే నీళ్లతో కడిగాను. పైగా కేకు నలభై నిమిషాలు ఓవెన్‌లో కాలింది. ఇంకేం మిగులుతుంది?

గోధుమలేనివాడు
అంతా మిగులుతుంది! గ్లూటెన్ అంటే క్రిమి కాదు, మరిగిస్తే చావడానికి. అది గోధుమ, బార్లీ వంటి ధాన్యాల్లోని ప్రోటీన్. ఓవెన్ వేడికి దాని హాని పోదు. జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న మైదా తడి తగిలితే ముద్దై అక్కడే అంటుకుంటుంది. వేళ్లతో రుద్దినా పూర్తిగా రాదు.
లెక్క కూడా చెబుతాను. అమెరికాలోనూ యూరప్‌లోనూ ఒక పదార్థం మీద గ్లూటెన్ రహితం అని రాయాలంటే అందులో 20 పీపీఎంకు మించి గ్లూటెన్ ఉండకూడదు, అంటే కిలోకు 20 మిల్లీగ్రాములు. మాలో ఎక్కువమందికి రోజుకు 10 మిల్లీగ్రాముల లోపైతే పేగుకు హాని జరగదని సాధారణంగా చెబుతారు. మామూలు రొట్టె ముక్క ఒక్కదానిలో సుమారు రెండు గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. ఆ ముక్కను రెండువందల తునకలు చేస్తే, అందులో ఒక్క తునకతో ఆ రోజు వాటా అయిపోయింది. ఇప్పుడు మీ జల్లెడను వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి.

రెండోకప్పు
నేను మా ఇంటి జల్లెడ ఎత్తి చూశాను. చూడకపోయినా బాగుండేది.

పొయ్యిదగ్గర
హోటల్ వంటగదిలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. జల్లెడ నిజమే, కానీ అది ఒక్కటే కాదు. అందరి రొట్టెలూ కాల్చే టోస్టర్, బ్రెడ్ పొడి అద్దిన ముక్కలు వేయించిన నూనె, పాస్తా ఉడికించిన నీళ్లు, మామూలు సోయా సాస్ (దాన్ని గోధుమతో కలిపి పులియబెడతారు), బార్లీతో చేసిన మాల్ట్ వెనిగర్. ఇంట్లోనైతే వెన్న డబ్బా. రొట్టెకు రాసిన కత్తినే మళ్లీ అందులో ముంచుతారు కదా, ఆ వెన్నతో ఏ కేకు చేసినా అంతే.
కానీ మా బాధ కూడా వినండి. "గ్లూటెన్ అసలు పడదు" అని చెప్పిన మనిషి కోసం వేరే పెనం కడిగి, వేరే పలక మీద కోసి, పళ్లెం నేనే స్వయంగా పట్టుకెళ్తాను. తిరిగి చూసేసరికి ఆ మనిషి పక్కవారి రొట్టె తుంచుకుని సాస్‌లో అద్దుకుని తింటూ ఉంటాడు. ఇది పదిసార్లు చూశాక కుర్రవాళ్లు మరోసారి పెనం కడుగుతారా? నిజంగా జబ్బున్నవాళ్లకు చేటు తెచ్చేది ఇలాంటి సరదా రాయుళ్లే.

వానచినుకు
ఆ సరదా రాయుళ్లలో నేనూ ఒకదాన్ని అన్నమాట. నాకు సీలియాక్ లేదు. గోధుమ తింటే కడుపు ఉబ్బరం, తలనొప్పి. మానేశాక హాయిగా ఉంది. నా కడుపు సంగతికి మీ అనుమతి కావాలా?

గోధుమలేనివాడు
వానచినుకు గారూ, అనుమతి మాట అటుంచండి. పరీక్ష చేయించుకున్నారా?

వానచినుకు
చేయించుకున్నాను. ఏమీ లేదన్నారు.

గోధుమలేనివాడు
గోధుమ మానేయకముందా, మానేశాకా?

వానచినుకు
మానేసిన ఆరు నెలలకు.

గోధుమలేనివాడు
అయితే ఆ పరీక్ష చెల్లదు. గ్లూటెన్ తింటూ ఉంటేనే సీలియాక్‌ను పట్టించే యాంటీబాడీలు రక్తంలో దొరుకుతాయి. మానేస్తే తగ్గిపోతాయి, బయాప్సీలో (పేగు నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్షలో) పేగు కూడా కోలుకున్నట్టు కనిపించవచ్చు. మీకు సీలియాక్ ఉందో లేదో మీ డాక్టరుకూ తెలియదు, మీకూ తెలియదు. అదీ కాకపోతే మీకు పడనిది గ్లూటెనే కాకపోవచ్చు. గోధుమలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు ఉంటాయి, కొందరికి ఉబ్బరం వాటివల్లే వస్తుంది. ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉంటాయవి.

వానచినుకు
ఉల్లిపాయ కూడా పడదు నాకు. (ఇది మీరు గెలిచారని ఒప్పుకోవడం కాదు.)

నెమలీక
నేను అడిగింది కేకు గురించి. ఉల్లిపాయ దాకా వెళ్లారు.

గోధుమలేనివాడు
కేకు గురించే అయితే జల్లెడకు జవాబు చెప్పండి.

నెమలీక
చెప్పానుగా, కడిగానని!

నిర్వాహకులు
జల్లెడ కడిగారు. కడిగినా చాలదని ఒకరి వాదన. ఇద్దరి మాటా అందరికీ అర్థమైంది. ముందుకు సాగండి.

నెమలీక
సాగుతాను. మీలాంటివాళ్లకు భోజనం పెట్టడమంటే వంటగది కాదు, ప్రయోగశాల నడపాలి. గిన్నెకు పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. ఎంత చేసినా చివరికి మాకు దక్కేది అనుమానమే. అంత అనుమానమున్న మనిషి ముందురోజు రాత్రి మా తోటికోడలి ఇంట్లో కడుపునిండా ఎలా తిన్నదండీ? అక్కడ లేని భయం నా ఇంట్లో అడుగుపెట్టగానే వచ్చిందా? పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఏం చేసినా బంగారమే, నేను ఏం చేసినా ఒంకరే.

రెండోకప్పు
ఇదీ అసలు సంగతి.

పొయ్యిదగ్గర
తోటికోడలు గారు ఏం వండారు?

నెమలీక
ఏముంది, అన్నం, కాల్చిన చేప, ఉడికించిన కూరగాయలు. అందులో పనితనమేముంది? రెండు రోజుల ముందే మా ఆడపడుచుకు ఫోను చేసి ఏ గిన్నెలో వండాలి, ఏ నూనె వాడాలి అని అడిగిందట. నేను అలా అడిగి సంతోషం పాడుచేయకూడదనుకున్నాను.

పొయ్యిదగ్గర
పుట్టుకతోనే గ్లూటెన్ లేని పదార్థాలు అవి. తప్పు జరిగే చోట్లు తక్కువ. కేకు అలా కాదు, ఆరు డబ్బాలు తెరవాలి, ఆరు చోట్ల తప్పు జరగవచ్చు. మంచి వంటవాళ్లు కూడా మోసపోతారు. ఆమె మీ చేతిని అనుమానించలేదు, డబ్బాలను అనుమానించింది.

గోధుమలేనివాడు
నెమలీక గారూ, ఇందాక కటువుగా మాట్లాడాను. ఒక మాట చెబుతాను. మాకు చెప్పకుండా చేసిపెట్టే వంట అంత భయపెట్టేది మరొకటి లేదు. మా అమ్మ ఒకసారి నాకోసం కేకు చేసింది. అడిగితే నొచ్చుకుంటుందని అడగకుండా తిన్నాను. మూడు రోజులు మంచం దిగలేదు. అమ్మకు తలనొప్పి అని చెప్పాను. అది నమ్మి ఆ మరుసటి నెల మళ్లీ అదే కేకు చేసింది. అప్పటినుంచి నేను ఎవరి ఇంట్లోనూ తినను. బయటికి వెళ్తే నా డబ్బా నాతోనే ఉంటుంది. మీ ఆడపడుచు కడుపు నిండిందని ఎందుకు అబద్ధమాడిందో నాకు బాగా తెలుసు.

వానచినుకు
ఎవరి ఇంట్లోనూ అంటే, మీ పిల్లల ఇంట్లో కూడానా?

గోధుమలేనివాడు
మా అమ్మాయి ఇంట్లో కూడా. ఆమెకు అర్థమైంది.

పొయ్యిదగ్గర
అర్థమైందని మీరు అనుకుంటున్నారు. చూడండి, ఇక్కడే నేను మీతో ఏకీభవించను. మీరు చెప్పే లెక్కలన్నీ నిజం. కానీ ఆ లెక్కలు గోడ కట్టుకోవడానికి వాడుతున్నారు. మా దగ్గరికి ఒకావిడ వస్తారు, తీవ్రమైన సీలియాక్. రద్దీ లేని వేళ చూసుకుని, ముందు ఫోను చేసి వస్తారు. "ఇది గ్లూటెన్ లేనిదేనా" అని అడగరు, అలా అడిగితే కుర్రవాడు అవునని తల ఊపేస్తాడు. "దీన్ని ఎలా చేస్తారు, దేనిలో వేయిస్తారు, ఆ నూనెలో ఇంకేం వేస్తారు" అని అడుగుతారు. సరిగా చెప్పలేకపోతే కాఫీ తాగి నవ్వుతూ వెళ్లిపోతారు. చెప్పగలిగితే చివరి మెతుకు దాకా ఆనందించి తింటారు. మీరు అమ్మాయికి ఆ ప్రశ్నలు ఎప్పుడైనా వేశారా, లేక డబ్బా తీసుకెళ్లి ఊరుకున్నారా?

గోధుమలేనివాడు
మూడు రోజులు మంచాన పడేది నేను, మీరు కాదు.

పొయ్యిదగ్గర
నిజమే. ఆ మూడు రోజులు నేను పంచుకోలేను. అడిగినదానికి మాత్రం జవాబు రాలేదు.

రెండోకప్పు
జల్లెడ ప్రశ్నకైనా జవాబు వచ్చింది.

నెమలీక
రాత్రంతా ఆలోచించి పొద్దున్నే ఆడపడుచుకు ఫోను చేశాను. జల్లెడ అని నేను నోరు తెరవకముందే "వదినా, ఆ చెక్కగరిటె మీ పాతదేనా?" అని అడిగింది. వంటగదిలోకి మంచినీళ్లకు వచ్చినప్పుడు తొట్టిలో చూసిందట. చీలికలు పడిన గరిటె, ఎనిమిదేళ్లుగా దానితోనే అన్ని పిండులూ కలుపుతున్నాను. జల్లెడ సంగతి ఆమెకు తట్టనే లేదు!
తోటికోడలి విషయం నేను అడగలేదు. అడగను కూడా. అది వేరే లెక్క.

గోధుమలేనివాడు
చెక్కగరిటె సంగతి మీరు మొదటే చెప్పాల్సింది. చెక్క చీలికల్లో చేరిన పిండి జల్లెడలో పిండికన్నా మొండిది.

నెమలీక
మీరు అడిగితే కదా. మీ చూపంతా జల్లెడ మీదే.

రెండోకప్పు
కొలతలు ఇంకా పెట్టలేదు.

నెమలీక
బియ్యప్పిండి 120 గ్రాములు, బంగాళాదుంప స్టార్చ్ 50, కర్రపెండలం స్టార్చ్ 30, జాంతన్ గమ్ అర టీస్పూను, అంతకు మించవద్దు. బేకింగ్ పౌడర్ డబ్బా మీద గోధుమ స్టార్చ్ ఉందేమో చదవండి. పూర్తిగా చల్లారాకే కోయాలి, వేడిమీద కోస్తే లోపల జిగురుగా ఉంటుంది. వచ్చే శనివారం ఐదోసారి చేస్తున్నాను. ఆడపడుచు పొద్దున్నే వస్తానంది, తన జల్లెడ, తన గరిటె తెచ్చుకుంటుందట.